బళ్ళో బంతి, బంతిలో బలపక్షం

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి. రాజుగారి కథన్నావు, బడి అంటావేమిటి అనకండి. ఆయన వెనకాల వస్తారు, ఇంకా భోజనం కాలేదు.

ఆ బళ్ళో పంతులుగారు పిల్లలకి కర్రాబంతి నేర్పేవారు. రెండు జట్లు. ఒక జట్టు కర్రతో గుడ్డపీలికల బంతిని బాదాలి, రెండో జట్టు పట్టాలి. నేల తగలకుండా పట్టేస్తే కొట్టినవాడు చచ్చినట్టే, మీ మాటలో ఔటు. అప్పుడు కర్ర అవతలి జట్టుకి ఇచ్చెయ్యాలి. ఊ కొడుతున్నారా?

ఇవ్వాలా, కానీ ఇస్తేనా! కర్ర పట్టుకున్నది రాజుగారబ్బాయి మకుటం. అవతల జట్టులో చిట్టచివర పేరిందేవి. రాజుగారి విందుల్లో నెయ్యి వడ్డించే సన్యాసయ్య కూతురు. మకుటం కొట్టాడు, పేరి పట్టింది. గాలి వీచింది, చెల్లదన్నారు పంతులుగారు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ పట్టింది. బాబుగారికి తుమ్మొచ్చింది, చెల్లదన్నారు. ఇంకోసారి పట్టింది. కాకి అరిచింది, చెల్లదన్నారు. కాకి అరిస్తే చుట్టాలొస్తారు గానీ ఆట చెల్లకపోవడమేమిటర్రా? తొండి కాకపోతే!

ఒరేయ్ సుందూ, చెల్లి దుప్పటి లాక్కోకు. అదీ తొండే.

ఎల్లుండే తిరణాల ఆట. ఈలోగా ఒక్కసారైనా కర్ర పట్టనివాళ్ళకి అందులో చోటు లేదన్నది పంతులుగారి నియమం. ఆ ఆట ఆడాలని పేరికి ఎంత ఆశో. అందుకని ఏడ్చిందా? ఏడ్చింది, అబద్ధమెందుకు. ఏడ్చి, ముక్కు చీదుకుని, తిన్నగా కోటకి పోయింది.

రాజుగారు దేన్నైనా ఓర్చుకుంటారు గానీ భోజనాల బంతిలో బలపక్షాన్ని, అదే ఒకరికి వడ్డించి ఒకరికి ఎగ్గొట్టడాన్ని, ఓర్చుకోరు. చిన్నప్పుడు మేనమామ పెళ్ళిలో ఈయన బంతి చివర కూర్చుంటే, గారెలు ఈయనదాకా రాకుండానే అయిపోయాయట. ఆ కడుపుమంటతో శాసనం రాయించారు. బంతిలో బలపక్షం జరిగితే వడ్డన మళ్ళీ చివర్నించి మొదలెట్టాలి, చేసినవాడు మూణ్ణెల్లు నెయ్యి లేకుండా తినాలి. నెయ్యి గిన్నె మోసే ఇంటి పిల్లకి ఈ సంగతి తెలీదూ?

బళ్ళో బంతిలో బలపక్షం జరుగుతోంది మహారాజా అంది. పొద్దుట్నించీ అంతా ఒక్కడికే, మిగతావాళ్ళకి ఎదురుచూపులే అంది. రాజుగారు తింటున్న అన్నం వదిలేసి, గరిటె పట్టుకుని బడికి పరిగెత్తారు. చూస్తే విస్తళ్ళు లేవు, గారెలు లేవు. విస్తళ్ళేవే అని అడిగితే, పేరి గుడ్డబంతి చూపించి, ఇదేనండి బంతి అంది.

మంత్రిగారు పక్కకొచ్చి, ఆ బంతి వేరు, ఈ బంతి వేరు ప్రభూ అన్నారు. రాజుగారి మొహం మాడిపోయింది. ఒకపక్క కన్నకొడుకు, ఒకపక్క సొంత శాసనం. చివరికి, నేను బంతి అన్నానే గానీ ఏ బంతో చెప్పలేదయ్యా, చివర్నించి వడ్డించండి అన్నారు.

అలా కర్ర పేరి చేతికొచ్చింది. ఊపింది, బాదింది. బంతి కొబ్బరిచెట్టంత లేచి, పోయి పోయి ఎవరి చేతుల్లో పడిందంటారు? మకుటం చేతుల్లో! పుట్టి బుద్ధెరిగాక వాడు పట్టిన మొదటి బంతి. గంతులేశాడు.

పంతులుగారు రాజుగారి మొహం చూశారు, పేరి మొహం చూశారు. గాలి ఎటో, మన పంతులు అటు! పిల్ల ఇప్పుడే నేర్చుకుంటోంది, చెల్లదన్నారు.

మకుటం గంతులాగిపోయాయి. నేను పట్టాను కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పేరికి జాలేసింది. కొంచెం నవ్వూ వచ్చిందనుకోండి.

"పట్టాడండీ. నేను ఔటు," అని కర్ర తీసుకెళ్ళి వాడి చేతికిచ్చేసింది.

వాడు తీసుకున్నాడా? లేదు. తన జట్టులో చివర నిలబడ్డవాడికి ఇచ్చి, తను పోయి వాడి వెనకాల నిలబడ్డాడు.

తిరణాల్లో పేరి ఆడింది, మకుటమూ ఆడాడు. పంతులుగారు శాసనం ప్రకారం మూణ్ణెల్లు నెయ్యి లేని ఉత్త పప్పన్నం తిని, బొజ్జ తగ్గి, తనే బంతి వెనకాల పరిగెత్తడం మొదలెట్టారు. అందరూ సుఖంగా ఉన్నారు.

ఒకరు వడ్డించిన గెలుపు ఒంటపట్టదర్రా. కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.