పేరంటాలు చిక్కుడు పందిరి

సన్నాయి గురువు కోటిలింగం గారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. శ్రుతి ఎందుకు నిలవడం లేదండీ అంటే నూతిలోంచి నీళ్ళు తోడుకు రమ్మంటారు. చేద ఒలకకుండా పైకి తేవడం చేతనయ్యేసరికి ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో కొందరికి తెలిసొచ్చేది. తెలియని వాళ్ళవల్ల కూడా నష్టం లేదు, ఆ పూటకి ఇంట్లోకి నీళ్ళు వచ్చేవి.

ఆ మాఘమాసం ఉదయం శిష్యుడు వీరభద్రం అడిగిన ప్రశ్న మాత్రం సంగీతానిది కాదు. కరోనా వచ్చాక పెళ్ళిళ్ళు పదిమందితో కానిచ్చేస్తుంటే మేళం ఎవరికి కావాలి? భద్రం సన్నాయి సంచిలోనే ఉండిపోయింది. ఇళ్ళకి సున్నాలు వేసి బతుకుతున్నాడు. ఇన్నాళ్ళకి మళ్ళీ ఒక పెళ్ళివారు కబురు పెట్టారు. శుక్రవారం ముహూర్తం. ఆలోగా వసంత రాగానికి గురువుగారి చేత మెరుగు పెట్టించుకోవాలని, పక్క ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"గురువుగారండీ, ఇప్పుడొచ్చిన కొత్త రకం కరోనా మెత్తనిదంటున్నారండి. పాతదాన్ని ఇదే తరిమేస్తోందంట. మరి అందరికీ ఓసారి వచ్చి పోతే ఆ పెద్ద పీడ వదిలిపోద్ది కదండీ? ఇంకా ఈ దాక్కోవడాలు దేనికండి?"

అడిగేసి గొంతు సవరించుకున్నాడు. తెల్లవారినప్పటి నుంచీ గొంతులో గరగరగా ఉంది, ఒళ్ళు కూడా కాస్త వెచ్చబడింది. ఆ సంగతి పైకి అంటే పాఠం ఆగిపోతుంది. వస్తే గిస్తే మెత్తనిదే కదా అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు.

లోపల కిటికీ పక్క మంచం మీద గురుపత్ని మంగాయమ్మ గారు ఒత్తులు చేసుకుంటున్నారు. కిందటేడు ఎండల్లో వచ్చిన ఆ పెద్ద జబ్బు ఆవిణ్ణి ఆస్పత్రి దాకా తీసుకెళ్ళి, ఎలాగో తిరిగి ఇంటికి పంపింది. అప్పటి నుంచీ నాలుగు మాటలు వరసగా ఆడితే ఆయాసం. అయినా భద్రం వచ్చాడంటే లోపలికి పిలిచి, పక్కన పీట వేసి, కాఫీ ఇచ్చి, వాళ్ళ ఊరి కబుర్లన్నీ అడగకుండా ఆవిడకి తెల్లవారదు.

గురువుగారు సన్నాయిని మెత్తటి గుడ్డతో తుడుస్తూ అన్నారు. "లోపల మీ అమ్మగారు చిక్కుడుకాయ కూర తిని ఎన్నాళ్ళయిందోరా. ఊరి చివర ముసలి పేరంటాలు పందిరికి ఈపాటికి బాగా కాసుంటాయి. ఈ బుట్ట పట్టుకెళ్ళి నాలుగు కాయలు కోయించుకు రా."

"ప్రశ్న అడిగానండీ."

"విన్నాను. బుట్ట తీసుకో."

భద్రం బుట్ట తీసుకుని బయల్దేరాడు. నాలుగడుగులు వేసేసరికి ఊరు కొత్తగా కనిపించింది. కోతుల బాధకి ఈ ఊరు పెట్టింది పేరు. పెంకులు పీకడం, వంటింట్లో దూరి అన్నం గిన్నె ఎత్తుకుపోవడం, అడ్డం వెళితే కరవడం. నిరుడు ఒక పసివాణ్ణి పీకి పెట్టాయి కూడా. అలాంటిది ఇవాళ తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. ఒకావిడ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతోంది, పక్కన కర్రైనా లేదు.

"ఏంటక్కా, కోతుల భయం లేదా?"

"ఇంకెక్కడి కోతులు తమ్ముడూ. హెడ్మాస్టరు గారొచ్చాక ఒక్కటీ మొహం చూపించట్లేదు."

హెడ్మాస్టరంటే కొండముచ్చు. ఊరివాళ్ళంతా కలిసి ఎక్కడి నుంచో తెప్పించారు. నల్లటి మొహం, చుట్టూ తెల్లటి గడ్డం, నెమ్మదైన నడక, ఎవరినీ ఏమీ అనదు. అది వీధి మొదట్లో కనిపిస్తే చాలు, అల్లరంతా ఆగిపోతుంది. అందుకని ఆ పేరు పెట్టారు. మొదట్లో దాన్ని తెచ్చినతను మెడకి తాడు కట్టి ఉదయం సాయంత్రం వీధులు తిప్పేవాడు. ఇంత సాధువుకి తాడెందుకని ఊరే విప్పించేసిందట.

"ఎంత మర్యాదస్తుడనుకున్నావు! గుమ్మంలోకి తొంగి చూడడు," అంది డాబా మీది ఆవిడ.

"మరి ఆ కోతులన్నీ ఎటు పోయాయంటావు?"

"ఎటో పోయాయి."

"మా ఊరే వచ్చాయి. మొన్న మా అమ్మ చేతిలో అట్టు లాక్కుపోయింది ఒకటి."

"అయితే మీరూ ఓ హెడ్మాస్టర్ని తెచ్చుకోండి," అని నవ్వేసింది ఆవిడ.

భద్రానికి గుండెల మీద బరువు దిగినట్టయింది. గురువుగారు తనని పంపింది ఇది చూడమనే అనుకున్నాడు. చెడ్డదాన్ని తరమడానికి మెత్తనిదొకటి రావాలి. వచ్చింది, తరిమింది, ఊరు హాయిగా ఉంది. ఇంతకంటే జవాబేం కావాలి? గొంతు గరగరని కూడా మరిచిపోయి వసంతం కూనిరాగం తీసుకుంటూ ఊరి చివరికి వచ్చాడు.

పేరంటాలుది తాటాకు గుడిసె. ప్రహరీ లేదు, దడి కూడా లేదు. గుడిసె ముందు చిక్కుడు పందిరి ఒక్కటే ఆమె ఆస్తి. వారం వారం సంతలో ఆ కాయలమ్ముకునే చలికాలం వెళ్ళదీస్తుంది. భద్రం వెళ్ళేసరికి పందిరి కర్రలు బోసిగా నిలబడి ఉన్నాయి. ఆకు లేదు, పువ్వు లేదు, ఎక్కడికక్కడ తుంచేసిన తీగెలు వేలాడుతున్నాయి. పందిరి పైన హెడ్మాస్టరు గారు తోక కిందికి వేలాడేసి, చివరి రెమ్మని తీరుబడిగా నముల్తున్నారు. భద్రాన్ని చూశారు. కోపం లేదు, బెదురూ లేదు, చల్లటి చూపు.

"ఇదేంటి మామ్మా! తోలలేకపోయావా?"

"దాన్ని తోలే ఓపిక నాకేదీ బాబూ. హుష్ అంటే ఇంకొంచెం పక్కకి జరిగి తింటుంది."

"పెద్దలతో చెప్పలేదా?"

"చెప్పాను. కోతుల కంటే నయం కదా పేరంటాలూ అన్నారు. నిజమే కదా మరి. కోతులైతే తాటాకు కూడా పీకేవి." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అందరికీ తలుపులున్నాయి, గోడలున్నాయి. వాళ్ళకది మంచిదే. పందిరికి తలుపెక్కడ పెట్టను?"

పేరంటాలు వంగి, రాలిన ఆకుల్లో వెతికి, గుప్పెడు కాయలు ఏరి బుట్టలో వేసింది. "మంగాయమ్మ తల్లికేగా? పట్టుకెళ్ళు. పాపం ఆయాసం తగ్గిందా ఆవిడకి?"

ఆ మాట దగ్గర భద్రం గొంతు మళ్ళీ గరగరమంది.

తిరుగు దారిలో కూనిరాగం లేదు. గురువుగారి ఇంటికి వచ్చాడు గానీ గేటు దాటలేదు. జేబులోంచి మాస్కు తీసి పెట్టుకుని, బుట్టని గేటు లోపల నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

కోటిలింగం గారు అరుగు మీంచే బుట్టలోకి చూశారు. "ఊళ్ళో కోతులు పోయాయా?"

"పోయాయండి."

"కొండముచ్చు మంచిదేనా?"

"మంచిదేనండి." భద్రం బుట్టకేసి చూశాడు. "చాలామందికండి."

ఇంతలో కిటికీలోంచి మంగాయమ్మ గారి గొంతు వినిపించింది. "భద్రం వచ్చినట్టున్నాడు... లోపలికి రా బాబూ. పీట వేశాను... కాఫీ చల్లారిపోతోంది." మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నారు.

"రాలేనండి అమ్మగారూ," అన్నాడు భద్రం గేటు అవతల నుంచే. "గొంతు బాలేదండి. పొద్దుటి నుంచీ ఉందండి. రాకుండా ఉండాల్సిందండి. ఇందాక ఈ అరుగెక్కేశానండి..."

"అరుగు కడిగించుకుంటాంలే," అన్నారు గురువుగారు. ఆయన మొహంలో కోపం లేదు. "కిటికీ ఇవతలే కూర్చున్నావు, లోపలికైతే రాలేదు కదా. శుక్రవారం పెళ్ళి సంగతేం చేస్తావు?"

"మా చిన్నాన్న కొడుక్కి అప్పజెప్పేస్తానండి. వాడికీ వసంతం వచ్చండి, నా అంత కాకపోయినా."

"వాడి గురువు నా అంత కాదులే," అన్నారు కోటిలింగం గారు. లోపల మంగాయమ్మ గారు నవ్వు మొదలుపెట్టి దగ్గులో ముగించారు. ఆ దగ్గు ఆగాక కాఫీ గ్లాసు గురువుగారే తెచ్చి గేటు దిమ్మ మీద పెట్టి వెనక్కి వచ్చారు. భద్రం నిలబడే తాగాడు. సైకిలెక్కబోతూ, అడగకుండా ఉండలేక అడిగాడు.

"ఇంతకీ ఆ పెద్ద జబ్బు దీనివల్ల పోద్దంటారా, పోదంటారా గురువుగారండీ?"

"పోతుందేమోరా. పోతే సంతోషమే." ఆయన బుట్ట అందుకుని, ఆ గుప్పెడు కాయల్నీ ఒక్కొక్కటిగా చూశారు. "నీకు నెమ్మదించాక రా. వచ్చేటప్పుడు చెరువు మీద చేపలు పట్టేవాళ్ళనెవర్నైనా అడిగి పాత వల ఒకటి పట్రా. కోతులు పోయి ఊరంతా హాయిగా ఉన్నా, పేరంటాలు పందిరికి వల కప్పాల్సిందే కదా."