రెండో వరుసలో నవ్వు

పారినాయుడు మాస్టారి దగ్గర కబడ్డీ నేర్చుకున్నవాళ్ళందరూ ఒక సంగతి ఒప్పుకుంటారు. ఆయన్ని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. కూతకు వెళ్ళినప్పుడు ఎప్పుడు వెనక్కి తిరగాలండీ అని అడిగినవాణ్ణి ఆయన మారుమాట లేకుండా కోర్టులోకి తోసి, అవతలి జట్టు మొత్తాన్ని వాడి మీదికి వదిలేవారు. ఆయనకు వాదించడం రాదని కొందరంటారు, ఇష్టం లేదని కొందరంటారు. ధనుంజయ్ అడిగినదానికి కూడా ఆయన వాదించలేదు. ఆ ఉదయం అక్కడున్న పిల్లలు ఆ సంగతి ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు.

ధనుంజయ్ మాస్టారి శిష్యుల్లో పేరు తెచ్చుకున్నవాడు. ఆ ఏడు జిల్లా జట్టుకు ఆడాడు. ఫైనల్ నాటికి అతని కుడి మోకాలు వాచి ఉంది. పట్టీ బిగించి కట్టుకుని దిగాడు. చివరి నిమిషాల్లో జట్టు ముందంజలోనే ఉన్నా, పక్కన నిలబడ్డ జిల్లా కబడ్డీ సంఘం కార్యదర్శి వేలు చూపించినప్పుడల్లా ధనుంజయే కూతకు వెళ్ళాడు. ఆఖరిసారి గీత దాటి వచ్చేటప్పుడు కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. జనం అతని పేరు పెట్టి అరిచారు. కప్పు గెలిచారు.

ఆట అయ్యాక గ్యాలరీ కింద గదిలో విలేకరులను కూర్చోబెట్టారు. ముందు వరుసలో కార్యదర్శీ, ఆయన మనుషులూ కూర్చున్నారు. రెండో వరుసలో ఆటగాళ్ళు. విలేకరుల్లో ఆడమనిషి ఒక్కతే ఉంది. పేరు హైమ. ఒక దినపత్రికకు ఆటల వార్తలు రాస్తుంది. అందరూ కప్పు గురించీ సన్మానం గురించీ అడిగాక ఆమె లేచింది.

"ఆఖర్లో మన జట్టే ముందుంది కదండీ. మోకాలికి పట్టీతో కుంటుతున్న కుర్రాణ్ణే వరసగా కూతకు ఎందుకు పంపారు? మిగతావాళ్ళు ఉన్నారు కదా?"

కార్యదర్శి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది తొక్కుడుబిళ్ళ కాదమ్మా. మోకాళ్ళ సంగతి మేం చూసుకుంటాం. ఇంతకీ నువ్వొచ్చింది ఆట చూడ్డానికా, కుర్రాళ్ళ తొడలు చూడ్డానికా?"

గదిలో అందరూ గొల్లున నవ్వారు. హైమ కూర్చుంది. తరవాతి ప్రశ్న ఇంకెవరో అడిగారు.

సాయంత్రానికల్లా ఆ గదిలో ఎవరో తీసిన వీడియో ఊళ్ళు దాటిపోయింది. ధనుంజయ్ బస్సులో కూర్చుని ఫోను చూస్తూ నివ్వెరపోయాడు. మగాళ్ళ ఆటకు ఆమెను ఎవరు రమ్మన్నారని ఒకడు రాశాడు. ఆ మాత్రం సరదా పట్టనిది ఇంట్లో కూర్చోవచ్చుగా అని ఇంకొకడు. ఆమె మొహానికి బొమ్మలు అతికించి, పాటలు కలిపి, రాయకూడని మాటలు రాసి తిప్పారు. ఆమె తరఫున కోపం తెచ్చుకున్నవాళ్ళకూ కొదవ లేదు. వాళ్ళలో కొందరు కార్యదర్శి భార్య ఫోటో వెతికి పట్టుకొచ్చి, అంతకు మించిన బూతులు ఆవిడకు అంటగట్టారు. ఆవిడ ఆ గదిలో లేదు. ఒక్క మాట అని ఎరగదు. మనుషులు ఇలా ఉంటారా అని ధనుంజయ్‌కు ఒళ్ళు జలదరించింది.

మంచివాడే గనక తనూ నాలుగు మాటలు రాశాడు. "హైమక్కా, మేమంతా నీ వెంట ఉన్నాం. ఆడవాళ్ళను గౌరవించడం రానివాడికి ఆట గురించి మాట్లాడే అర్హత లేదు." కప్పు గెలిపించినవాడు రాశాడని జనం విరగబడి మెచ్చుకున్నారు. మగాడంటే నువ్వన్నా అన్నారు. మర్నాడు ఆ మెప్పుల మధ్య హైమ రాసిన జవాబు కనిపించింది. తిట్టు లేదు, కోపం లేదు. ఒకే ఒక్క వాక్యం.

"తమ్ముడూ, రెండో వరుసలో నవ్వుతున్నది మీరేనా?"

అతను వీడియో మళ్ళీ తెరిచాడు. అంతవరకూ కార్యదర్శి మొహమే చూశాడు గాని ఆ వెనక చూడలేదు. అక్కడ తనున్నాడు. తల వెనక్కి వాల్చి, పక్కవాడి భుజం మీద చరుస్తూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. నవ్వినట్టు అతనికి గుర్తే లేదు. నిన్న మెచ్చుకున్న జనం ఈలోగా ఇటు తిరిగారు. దొంగ అన్నారు, ద్రోహి అన్నారు. కాని అతణ్ణి నిలబడనివ్వకుండా చేసింది ఆ తిట్లు కావు, తెర మీది ఆ మొహమే.

తెల్లారి సాధనకు వచ్చి అతను మాస్టారి ముందు నిలబడ్డాడు.

"ఆ మాట అన్నది ఆయన మాస్టారూ. నేను కాదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంతమందిలో ఒక నవ్వు కూడా తప్పేనా?"

మాస్టారు అతని మోకాలి వైపు చూశారు. పట్టీ ఇంకా అలాగే ఉంది. తరవాత ఆడపిల్లల జట్టునూ మగపిల్లల జట్టునూ పిలిచి కోర్టు అంచున కూర్చోమన్నారు. షెడ్డులోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి మధ్యలో వేయించారు.

"కూర్చో ధనా. నువ్వు ఆ కార్యదర్శివి. నేను ఆ విలేకరి అమ్మాయిని. ఆమె అడిగింది నేనడుగుతా. ఆయన చెప్పింది నువ్వు చెప్పు." పిల్లల వైపు తిరిగారు. "మీరెవరూ ఏమీ అనకండి. వినండి, చాలు."

గురువు నిలబడి ఉండగా కుర్చీలో కూర్చోవడమే ధనుంజయ్‌కు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. మాస్టారు చేతులు కట్టుకుని, చదువుకున్న పిల్లలు అడిగినంత మర్యాదగా అడిగారు.

"ఆఖర్లో మన జట్టే ముందుంది కదండీ. మోకాలికి పట్టీతో కుంటుతున్న కుర్రాణ్ణే వరసగా కూతకు ఎందుకు పంపారు?"

"ఇది తొక్కుడుబిళ్ళ కాదమ్మా," అన్నాడు ధనుంజయ్. తన గురువును అమ్మా అన్నందుకు నవ్వబోయాడు. ఎవరూ కలవలేదు. "మోకాళ్ళ సంగతి మేం చూసుకుంటాం..."

ఆ తరవాతి మాట దగ్గర ఆగిపోయాడు.

"పూర్తి చెయ్యి," అన్నారు మాస్టారు.

"వద్దు మాస్టారూ."

"ఆయన ఆపలేదే. పూర్తి చెయ్యి."

అతను కళ్ళు నేలకు దించుకుని ఆ మాట అనేశాడు. నువ్వొచ్చింది ఆట చూడ్డానికా అన్నాడు, తొడలు చూడ్డానికా అన్నాడు. తెల్లటి జుట్టుతో, చేతులు కట్టుకుని నిలబడిన మనిషిని ఆ మాట అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట ఎటూ పోలేదు, అక్కడే నిలబడిపోయింది. వీడియోలో లెక్కలేనన్నిసార్లు విన్నదే అయినా, అది ఇంత రోతగా ఉంటుందని అతనికి తెలియదు. తన నోట్లోంచి ఏం ఊడిపడిందో అప్పుడే చూసినవాడిలా బిక్కచచ్చిపోయాడు. ఆడపిల్లల జట్టు నాయకురాలు లోవలక్ష్మి మొహం పక్కకు తిప్పుకుంది. మాస్టారు మాత్రం కదలకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా, జవాబు కోసం నిలబడినవాళ్ళు నిలబడ్డట్టే నిలబడ్డారు. అదే గొంతుతో మళ్ళీ అడిగారు.

"కుంటుతున్న కుర్రాణ్ణే ఎందుకు పంపారండీ?"

ధనుంజయ్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"వెళ్ళకపోతే రాష్ట్ర జట్టు శిబిరానికి నా పేరు పంపనన్నారు మాస్టారూ. నొప్పిగా ఉందని రెండుసార్లు చెప్పాను. సూదిమందు వేయించి పంపారు." అతను పట్టీ మీద చెయ్యి వేశాడు. "గ్యాలరీ నిండా జనం. నా కాలు గురించి అడిగింది ఆమె ఒక్కతే."

"ఈ సంగతి ఆమె అడిగినప్పుడే చెప్పలేకపోయావా?"

"అప్పటికి నవ్వుతున్నాను మాస్టారూ."

మాస్టారు కుర్చీ తీయించి, పిల్లలను సాధనకు లేపారు. ధనుంజయ్‌ను మాత్రం ఆడనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం అతను హైమకు ఫోను చేశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అక్కా నేను ధనుంజయ్‌ని అని ఆగిపోయాడు. అవతలినుంచి ఆమె, "ముందు మోకాలు ఎలా ఉందో చెప్పు తమ్ముడూ," అంది. అతనికి ఏడుపొచ్చింది. నవ్వినందుకు క్షమించమన్నాడు. ఆమె సరే అనలేదు, పరవాలేదు అని కూడా అనలేదు. విన్నది. తరవాత అతను మోకాలి సంగతి మొదటినుంచీ చెప్పాడు. "పేరు పెట్టి రాయమంటావా?" అని అడిగింది. "పెట్టండక్కా," అన్నాడు.

పత్రికలో వచ్చింది. కార్యదర్శి సరదాకి అన్నానన్నాడు, సూదిమందు సంగతి తనకు తెలియదన్నాడు. రాష్ట్ర శిబిరం జాబితాలో ఆ ఏడు ధనుంజయ్ పేరు లేదు. పేరు ఉన్నా డాక్టరు వెళ్ళనిచ్చేవాడు కాదు, అది వేరే సంగతి. ఆ వార్త కిందా జనం ఏవేవో రాశారు. ధనుంజయ్ చదవలేదు.

అదంతా సద్దుమణిగాక ఒకనాడు లోవలక్ష్మి ఉండబట్టలేక మాస్టారిని అడిగింది.

"ఒక్క నవ్వు కూడా తప్పేనా అని ధనుంజయ్ అడిగితే మీరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు కదండీ?"

మాస్టారు కోర్టు మీద చెదిరిన గీతకు ముగ్గుపిండి పోస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"రెండు చోట్లా మాట ఒక్కటే కదమ్మా. ఇక్కడ నవ్వు లేదు."