కడగని తొట్టి

ఉత్తరాంధ్ర సముద్రపొడ్డున ఒక పరిశోధనశాలలో భానోజీ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఎంతో తెలివైనవాడే కానీ, ఎదుటివాళ్ళ తప్పు కనిపిస్తే నలుగురిలో నవ్వకుండా ఉండలేకపోయేవాడు.

ఆయన బృందం ఆల్చిప్పలను పెంచేది. ఆల్చిప్ప పిల్లలు మొదట ధూళిలా నీటిలో తేలుతూ ఉంటాయి. తర్వాత ఎక్కడో ఒకచోట అతుక్కుని చిప్ప కట్టుకుంటాయి. కానీ పరిశోధనశాల తొట్లలో మాత్రం అవి ఎక్కడా అతుక్కోకుండానే చచ్చిపోయేవి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒకసారి కేశవులు అనే పరిశోధకుడు నీటి వేడిమి తప్పుగా చూశానని సమావేశంలో చెప్పాడు.

"కళ్ళున్నది అలంకారానికా కేశవులూ?" అన్నాడు భానోజీ. అందరూ నవ్వారు. కేశవులు కూడా నవ్వాడు కానీ, ఆ తర్వాత సమావేశాల్లో నోరు విప్పలేదు.

కదిరి నుంచి కొత్తగా వచ్చిన షమీమ్, "ఈ నీళ్ళు యాడ్నుంచి వస్తాయి సార్?" అని అడిగింది.

"యాడ్నుంచో వస్తాయిలేమ్మా!" అని భానోజీ ఆమె యాసలోనే అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. షమీమ్ ప్రశ్నలు అడగడం మానేసింది.

ఒకరోజు పొద్దున్నే ఒక తొట్టిలో వింత కనబడింది. అడుగునంతా ఆల్చిప్ప పిల్లలు అతుక్కుని ఉన్నాయి! భానోజీ ఆనందం పట్టలేకపోయాడు.

"ఈ తొట్టిలో ఎవరైనా కొత్తగా ఏమైనా చేశారా?" అని అడిగాడు.

షమీమ్ తల దించుకుంది. ఆ ఒక్క తొట్టిలోనే తాను వేయించిన కొత్త మేతే కారణమని భానోజీ తేల్చేశాడు. ఈసారి కావలసినన్ని పిల్లలు ఇస్తానని తీరంలోని మత్స్యకారులకు మాట కూడా ఇచ్చాడు. వాళ్ళు అప్పుడే ఆల్చిప్పలను పెంచుకోవడానికి సముద్రంలో తెప్పలు కట్టడం మొదలుపెట్టారు.

తర్వాతి విడతలో తొట్లన్నీ తళతళలాడేలా తోమించి, అన్నింటిలోనూ కొత్త మేత వేయించాడు. ఒక్క పిల్ల కూడా మిగలలేదు.

మత్స్యకారుల పెద్ద ఎర్రయ్య వచ్చి, ఖాళీ తొట్ల వంక చూశాడు. "ఏటి బాబూ, మీ మాట నమ్మి తెప్పలు కట్టుకుని కూకున్నాం. ఇప్పుడేటి సేయమంటావు?" అన్నాడు.

ఎర్రయ్య వెళ్ళాక భానోజీ చాలాసేపు తొట్ల మధ్య తిరిగాడు. మేత కాకపోతే, ఆ ఒక్క తొట్టిలో పిల్లలు ఎలా బతికాయి? కేశవులును పిలిచి, "నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

"నాకు తెలీదు సార్. కానీ తెలిసినవాళ్ళు మాత్రం మీకెలా చెబుతారు?" అన్నాడు కేశవులు.

ఆ మాట భానోజీ మనసులో గుచ్చుకుంది. మర్నాడు సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"ముందు నా తప్పు చెబుతాను. రుజువు లేకుండానే మేత వల్ల అని నమ్మాను. అంతకన్నా పెద్ద తప్పు, కేశవులునూ షమీమ్‌నూ చూసి నవ్వడం. నన్ను క్షమించండి," అన్నాడు.

షమీమ్ లేచింది.

"సార్, ఆ తొట్టి నేను కడగల్యా. మరిసిపోయినా. అందులో ముందు పెట్టిన పెద్ద ఆల్చిప్పల పాత చిప్పలు అడుగునే ఉండిపాయె. చెప్తే నవ్వుతారని చెప్పల్యా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. భానోజీ చెయ్యెత్తి వారించాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

"కడగలేదా? ఆ చిప్పలకు పాచి పట్టిందా?"

"పట్టింది సార్. ముట్టుకుంటే జారిపోతా ఉన్నింది. పిల్లలు వాటి మీదనే ముందు అతుక్కున్యాయి."

"అయితే చూద్దాం పదండి!"

ఈసారి సగం తొట్లను తోమారు. మిగతా సగంలో పాచి పట్టిన పాత చిప్పలు వేశారు. తోమిన తొట్లలో పిల్లలు నిలవలేదు. పాత చిప్పలున్న ప్రతి తొట్టిలోనూ కుదురుకున్నాయి. తమ జాతి బతికిన ఆనవాలు ఉన్నచోటే అవి ఆగుతాయని అందరికీ అర్థమైంది. ఎర్రయ్య తెప్పలకు కొంచెం ఆలస్యంగానైనా పిల్లలు అందాయి.

ఆనాటి నుంచి ఎవరైనా తప్పు జరిగిందని చెబితే, భానోజీ ముందుగా "అయితే తర్వాత ఏం జరిగింది?" అని ఆసక్తిగా అడిగేవాడు. అప్పుడప్పుడూ పాత అలవాటు కొద్దీ వెటకారం నోటిదాకా వచ్చేది. "సార్!" అని కేశవులు హెచ్చరించేవాడు. ఆయన చప్పున ఆగిపోయేవాడు.

నీతి: తప్పు ఒప్పుకున్నవాళ్ళను చూసి నవ్వితే నిజం దాక్కుంటుంది, ఎవరైనా భయం లేకుండా తమ మాటల్లో చెప్పుకోగలిగిన చోటే కొత్త విషయాలు బయటపడతాయి.