కళ్లు మూసుకున్న బడి

కాలవ గట్టున పాడుబడ్డ ఇటుకల బట్టీ ఒకటుంది. పైన కప్పు లేదు. మూడు పక్కలా గోడలు, తూర్పున వాకిలి, పడమటి గోడ అడుగున ఒకప్పుడు మంట పెట్టిన కన్నం. నేలంతా మెత్తటి బూడిద. అందులో కొంగ సిస్టర్ బడి పెట్టింది. రెండు పుల్లలతో శిలువ కట్టి గోడకు ఆనించి, "ఎవరి పిల్లలైనా రండి, ఎవరి దేవుణ్ణి వాళ్లు వెంటబెట్టుకుని రండి" అంది. మాటంటే అలా ఉండాలి!

పొద్దున్నే ప్రార్థన చూడాలి, తిరునాళ్లే! సిస్టర్ ఒంటికాలి మీద నిలబడి, రెక్కతో శిలువ గుర్తు వేసుకుని, కళ్లు మూసుకునేది. కోడి గంపక్క నీళ్లు ఒక్కో గుక్కా తాగి, తలెత్తి ఆకాశానికి దణ్ణం పెట్టేది. గడ్డం మేక నుదురు నేలకు ఆనించేవాడు. గేదె వాకిట్లో నిలబడి పొద్దుపొడుపు వైపు రెప్ప వెయ్యకుండా చూసేది. పిల్లలు ఎవరి అమ్మానాన్నల్లాగా వాళ్లు. మధ్యమధ్య కొట్లాటలూ ఉండేవి, లేవని నేనెందుకు అబద్ధం చెప్పాలి? "మీ అమ్మ నీళ్లు మింగలేక మెడ సాగదీస్తోంది" అని మేకపిల్ల అంటే, గంపక్క కూతురు చిట్టి దాని చెవి పొడిచింది. గంపక్కకు మిగిలింది ఆ ఒక్క పిల్లే. తక్కినవాటిని గద్ద తన్నుకుపోయింది.

ఆ చిట్టి మీదే నక్క కన్ను. గోడెక్కి వస్తే, ఆకాశం చూసే కోడి చూసేసి గోల. కన్నంలోంచి దూరితే, తల నేలకు పెట్టిన మేక కాళ్ల సందుల్లోంచి చూసేసి కేక. వాకిట్లోంచి వస్తే గేదె కొమ్ములు. ఆకలితో డొక్కలు అంటుకుపోయాయి వెధవకి.

ఒకరోజు మెళ్లో తంగేడు పూల దండ వేసుకుని, వినయంగా దిగాడు.

"సిస్టర్ గారూ, నా పేరు శాంతిదాసు. మాంసం మానేశాను. తమరి బడి చూసి ఏడుపొచ్చిందండీ!"

"ఎందుకు నాయనా?"

"ఒకరు పైకి, ఒకరు కిందకి, ఒకరు పక్కకి. ఐకమత్యం ఏదండీ? పిల్లలు కొట్టుకుంటోంది అందుకే. ఒక్క బడి, ఒక్క ప్రార్థన. తమరి ప్రార్థనే! అందరూ తలలు వంచి, కళ్లు మూసుకుని, మీరు ఆమెన్ అనేదాకా తెరవకూడదు. శాంతి కాలవలా పారదూ?"

తమరి ప్రార్థనే అన్న ముక్క దగ్గర సిస్టర్ మెడ కాస్త నిక్కింది. చదువుకున్న తల, మంచి మనసు, అయినా పొగడ్త ముందు చేపను చూసిన కొంగే అయింది!

నక్క అక్కడితో ఆగాడా? గంపక్క దగ్గరికెళ్లి, "నీళ్లు తాగడం కూడా ప్రార్థనేనా అని మేకే అన్నాడమ్మా" అన్నాడు. మేక దగ్గర, "గడ్డం మట్టిలో పొర్లిస్తావని కోడి ఒకటే నవ్వు" అన్నాడు. గేదెతో, "ఎండకు మొహం పెట్టి కునుకు తీస్తావని ఇద్దరూ అంటున్నారు" అన్నాడు. ముగ్గురూ మూతులు ముడుచుకుని ఊరుకున్నారు. ఒక్కరైనా ఎదుటివాళ్లను, "నిజంగా అన్నావా?" అని అడిగితే ఒట్టు!

మర్నాడు అందరూ కళ్లు మూసుకున్నారు. సిస్టర్ ప్రార్థన మొదలుపెట్టింది. చప్పున ముగించి ఆమెన్ అంది. కళ్లు తెరిచారు. ఏమీ లేదు, ఎవరూ లేరు.

మధ్యాహ్నం శాంతిదాసు మళ్లీ హాజరు. "ప్రార్థన మరీ పొట్టిగా ఉందండీ. భక్తి కుదురుకునేలోపే అయిపోతోంది. రేపు కాస్త పొడుగ్గా..."

సాయంత్రం చిట్టి తల్లి రెక్క కింద దూరి అడిగింది. "అమ్మా, ఇవాళ నువ్వు నీ దేవుడితో మాట్లాడలేదేం?"

గంపక్క గుండె కలుక్కుమంది. ఆ బాధలో బూడిద గీకుతూ గీకుతూ ఆగిపోయింది. వాకిట్లోంచి అడుగులు! నక్క అడుగులు! తిన్నగా వచ్చి, పొద్దున చిట్టి కూర్చున్న చోట ఆగి, వెనక్కి పరిగెత్తిన అడుగులు!

"గడ్డం బాబాయ్! గేదె వదినా! ఇటు రండి, చచ్చేలా ఉన్నాను!"

వచ్చారు. చూశారు.

"అవునూ బాబాయ్, నా నీళ్ల ప్రార్థనని వెక్కిరించావట?"

"నేనా? నువ్వేగా నా గడ్డాన్ని వెక్కిరించింది!"

"ఎవరన్నారు?"

"శాంతిదాసు."

"నాకూ వాడే చెప్పాడు" అంది గేదె. "నేను కునుకు తీస్తానని మీరిద్దరూ అన్నారట కదా?"

"ఛీ! వాడి దండ తగలెయ్య!"

ముగ్గురూ సిస్టర్ మీదికి పోయారు. గంపక్క తగ్గలేదు. "సిస్టరమ్మా, మీ యేసయ్య మమ్మల్ని కళ్లు మూసుకోమన్నాడా, నక్క మూసుకోమన్నాడా?"

సిస్టర్ ఆ అడుగుల వైపు చూసింది. ముక్కు వాల్చేసింది. "నక్కే. అందరూ నాలా ఉంటే అదే ఐకమత్యం అనుకున్నాను. తప్పు నాదే, బిడ్డలారా. మీ ప్రార్థనల గురించి ఇన్నాళ్లూ ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు చెప్పండి. ప్రార్థనలో మీకేం కనపడుతుంది?"

"ఆకాశం. దానికింద గోడ మీద వాడి మీసాలు" అంది కోడి.

"నేల తల్లి. వెనకాల కన్నంలో వాడి మూతి" అన్నాడు మేక.

"సూర్యుడు. వాకిట్లో వాడి చెవులు" అంది గేదె.

బట్టీ ఎగిరిపోయేలా నవ్వు!

"అయితే రేపు మీ ప్రార్థనలు మీరు చెయ్యండి" అంది సిస్టర్. "నా ప్రార్థన నేను చేస్తాను, కళ్లు మూసుకునే. నా కళ్లు మీరే."

మర్నాడు సిస్టర్ పొడుగాటి ప్రార్థన ఎత్తుకుంది. నక్కను నమ్మించడానికి అన్ని తలలూ వంగే ఉన్నాయి, కళ్లు మాత్రం ఓరగా తెరిచి. నక్క ధీమాగా వాకిట్లోంచే వచ్చాడు. చిట్టి కదల్లేదు. వాడు వంగాడు. నోరు తెరిచాడు. నుదురు నేలకానించిన మేక, కాళ్ల సందుల్లోంచి చూసి దగ్గాడు.

"ఆమెన్!" అంది సిస్టర్.

ఇంకేముంది! గేదె తిరిగి వాకిలికి అడ్డంగా నిలబడింది. నక్క గోడ మీదికి ఎగిరాడు. గంపక్క అంతకంటే పైకెగిరి నెత్తిన పొడిచింది. కిందపడి కన్నంలో దూరాడు, సగంలో ఇరుక్కున్నాడు!

"సిస్టర్ గారూ! ఐకమత్యం ఏమైందండీ?"

"వెనక చూసుకో నాయనా, వస్తోంది!"

మేక వెనక్కి అడుగులేసి, పరిగెత్తుకొచ్చి ఒక్క కుమ్ము! నక్క అవతల కాలవలో పడ్డాడు. పూలదండ కన్నంలోనే ఉండిపోయింది. మేకపిల్ల దాన్ని నమిలేసింది, సగం చిట్టికి పెట్టి మరీ.

గంపక్క నీళ్లు తాగి, తలెత్తి ఆకాశం వైపు చూసింది. ఈసారి మేకపిల్ల నవ్వలేదు. "అత్తా, పైన ఏం కనపడుతోంది?" అని అడిగింది.

అందరినీ ఒకేలా కళ్లు మూసుకోమనేవాడు ప్రార్థనకు రాలేదు, పిల్లల కోసం వచ్చాడు.