పైడితల్లి చొక్కా

మా సింహాద్రి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, ప్రయాణం వస్తుంది. సూక్ష్మజీవుల ల్యాబులో ఆయన దగ్గర పరిశోధన చేసిన మాకందరికీ ఆ అనుభవం ఉంది. నాతోబాటు చేరిన సుభాషిణి ఒకరోజు, "మాస్టారూ, ఒక బాక్టీరియా కొత్త జాతి అని ఎప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు?" అని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, రేపు పొద్దున్నే నౌపడ వెళ్దాం పదండి అన్నారు.

పాపం, ఆ పిల్ల తొందరకి కారణం లేకపోలేదు. మూడేళ్ళు తంటాలు పడి, ఉప్పు మళ్ళ నుంచి తెప్పించిన నీళ్ళలో, ఉప్పు లేనిదే బతకని ఒక గులాబి రంగు బాక్టీరియాను పట్టింది. ఒక జన్యువును పోల్చి చూస్తే, ఇదివరకే పేరున్న జాతి ఒకదానికి అది మరీ దగ్గర. కొత్తదనడానికీ కాదనడానికీ మధ్య వేలాడుతోంది. ఆ పాత జాతి తెల్లనిదని పుస్తకాల్లో ఉంది. ఇది గులాబి, అది తెలుపు, ఇంకేం కావాలి అని సుభాషిణి వ్యాసం రాసేసింది. కొత్తది కాదని తేలిందా, థీసిస్ గంగలో కలిసినట్టే.

నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర పైడితల్లి అనే ఆవిడ మాకు సీసాల్లో నీళ్ళు పట్టి ఇచ్చింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఎండకి తట్టుకోవడానికి చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, కళ్ళు తప్ప మొహమంతా తువ్వాలుతో చుట్టుకుంటారు. సుభాషిణి ఆమెతో రెండు గంటలు కబుర్లాడి, ఏ మడి ఎప్పుడు ఎర్రబడుతుందో అంతా రాసుకుంది. మధ్యాహ్నం మాస్టారు మమ్మల్ని దగ్గర్లో ఒక ఇంటికి మజ్జిగకి తీసుకెళ్ళారు. పసుపు చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకున్న ఒకావిడ గ్లాసులు అందించింది. మా సుభాషిణి మర్యాదగా తన పేరూ ఊరూ చెప్పుకుని, పొద్దున్న పైడితల్లి గారని ఒకావిడ ఎంతో సాయం చేశారు, మీకు తెలుసాండీ అని అడిగింది.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "నానే కదమ్మా పైడితల్లిని. చొక్కా ఇప్పీసి వచ్చినాను, అంతే."

నాకైతే పొట్ట చెక్కలైంది. సుభాషిణి సిగ్గుపడింది, కాసేపటికి ఏదో తట్టినట్టు గ్లాసు కింద పెట్టేసింది. తన బాక్టీరియాను మడి ఉప్పునీళ్ళలో పెంచింది. పాతదాన్ని మాత్రం పెంచనే లేదు. ఎవరో ఎక్కడో ల్యాబు ఉప్పులో పెంచి రాసింది చదివి ఊరుకుంది.

పాత జాతిని తెప్పించి, రెండింటినీ ఒకే మడి ఉప్పునీళ్ళలో పక్కపక్కనే పెంచింది. పదోరోజుకి పాతదీ గులాబి రంగుకి తిరిగింది. ఆ రోజు ఆమె మొహం చూడలేకపోయాను. అయినా పట్టు వదల్లేదు. రెంటి జన్యువులనూ మొత్తంగా చదివించి పోల్చింది, నీళ్ళలో ఉప్పు తగ్గిస్తూ పోయింది. పాతది చచ్చిపోయేంత పలచటి ఉప్పులోనూ తనది హాయిగా పెరిగింది. జన్యువులూ వేరే అనే చెప్పాయి. కొత్త జాతే!

ల్యాబంతా జీడిపప్పు పాకం పంచిపెట్టి, వ్యాసం మాస్టారి ముందు పెట్టింది. మొదట్లో గులాబి రంగుదని అర్థం వచ్చే పేరు పెట్టుకుందట. దాన్ని కొట్టేసి ఖాళీ వదిలింది. ఏ పేరు పెట్టమంటారని అడిగింది.

మాస్టారు పాకం ముక్క నములుతూ, "నీ ఇష్టం అమ్మా. చొక్కాకి మాత్రం పెట్టకు," అన్నారు.