పనసాకు పచ్చ గది

అనగా అనగా, నేలా గోడా కప్పూ అన్నీ నాపరాళ్ళే అయిన ఒక ఊళ్ళో సుంకులమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టు మరి! ఆవిడకి ఒక్కడే కొడుకు, ఓబులేసు. రాళ్ళ గనిలో పని.

అతనికి ఎక్కడో దూరాన కొండల్లో పుట్టిన పిల్లనిచ్చి, ఈ రాళ్ళ ఊళ్ళోనే పెళ్ళి చేశారు. పిల్ల పేరు పైడితల్లి. వచ్చిన కొత్తల్లో ఇల్లంతా గలగలా నవ్వుతూ తిరిగింది. ఆ తర్వాత నవ్వు తగ్గింది. ఆ తర్వాత మాటా తగ్గింది. చివరికి ఒకరోజు బట్టలు మూట కట్టుకుని, "అత్తా, నేను మా ఊరెళ్ళిపోతాను" అంది.

సుంకులమ్మ గుండె గుభేలుమంది. "ఏమ్మా, మావోడు ఏమన్నా అన్నాడా? నేనేమన్నా అంటినా?"

"ఎవరూ ఏమీ అనలేదు అత్తా. మా ఊళ్ళో కళ్ళు తెరిస్తే పచ్చగా ఉంటాది. ఇక్కడ ఎటు చూసినా రాయే. తెల్లారినా తెల్లారినట్టుండదు" అని పిల్ల ఏడ్చేసింది.

"ఓసి, ఇంతేనా! పచ్చగా గావాల, అంతే గదా. రవ్వంత ఓర్చుకో" అంది సుంకులమ్మ.

అప్పుడు బజారుకెళ్ళి పచ్చరంగు డబ్బా తెచ్చింది. కొంగు బిగించి పడకగదికి తనే పూసింది. తీరా చూస్తే అది చిలకపచ్చ! గదిలో అడుగుపెడితే కళ్ళు జిగేల్. ఓబులేసు కళ్ళకి తువ్వాలు కట్టుకుని పడుకున్నాడు. పైడితల్లి బాగుందనే అంది పాపం. కానీ మూట మాత్రం విప్పలేదు.

ఆ తర్వాత ఇంకో డబ్బా తెచ్చింది. అది ముదురు పచ్చ. మరీ ముదురు. ఆరేసరికి గది నాచుపట్టిన నూతి లోపలిలా అయిపోయింది. పట్టపగలే దీపం పెట్టుకోవాల్సొచ్చింది. "అమ్మా, ఈ గదిలోకి కప్ప గాని వచ్చిందంటే ఇంక పోదు" అన్నాడు ఓబులేసు.

సుంకులమ్మకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏ పచ్చనో సరిగ్గా చెప్పమ్మా."

"మా పెరట్లో పనసచెట్టుంది అత్తా. పొద్దు వాలేటప్పుడు దాని ముదురాకు మీద ఎండ పడితే... ఆ పచ్చ. ఎలా చెప్పను?"

చెప్పలేకపోతే వెళ్ళి చూడాల్సిందే కదా! "నేనొచ్చేదాకా గడప దాటొద్దు" అని సుంకులమ్మ కోడలి దగ్గర మాట తీసుకుంది. ఎన్నడూ ఊరు దాటని మనిషి, రైలెక్కింది. ఆ తర్వాత బస్సెక్కింది. ఆ తర్వాత బస్సు వెళ్ళని దారిలో కొండెక్కింది.

వియ్యపురాలు ఆవిణ్ణి చూసి బిత్తరపోయింది. "ఏటమ్మా, మా పిల్లకేటైనాదా?"

"పిల్ల బాగుంది. మీ పనసచెట్టు జూద్దామని వచ్చినా" అంది సుంకులమ్మ.

సాయంత్రం ఇద్దరూ చెట్టు కింద కూర్చున్నారు. ఎండ వాలింది. ముదురు పచ్చలోంచి బంగారం రంగు పైకి తేలింది. అమ్మ ఒళ్ళో కూర్చున్నట్టు వెచ్చగా ఉండే పచ్చ! సుంకులమ్మ ఒక ఆకు కోసి కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి ముడి విప్పితే ఏముంది? ఆకు కాస్తా వాడి నల్లబడిపోయింది! అయితేనేం, ఆ పచ్చ ఆవిడ కళ్ళల్లోనే ఉంది. ముదురు పచ్చలో కాస్త పసుపురంగు కలిపింది. ఊహూఁ. ఇంకాస్త కలిపింది. ఊహూఁ. అప్పుడు చిటికెడు కావిరంగు వేసి కలియబెట్టింది. వచ్చింది చూడు!

గోడలు ఆరాక పైడితల్లిని పిలిచింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. పిల్ల గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. సుంకులమ్మకి భయమేసింది. "ఏమ్మా, ఇది గూడా కాదా?"

"అదే అత్తా, అదే!" అంది పైడితల్లి. అని, మెల్లగా అడిగింది. "మా అమ్మ చెట్టు కింద ఎక్కడ కూర్చుంది?"

"వేరు మింద. నాకు మాత్రం పీటేసింది. వద్దంటే వినకుండా తొనలు తినిపిచ్చింది. మీ నల్లమేక నా కొంగు నమిలింది."

"దానికదే పని అత్తా!" పైడితల్లి పకపకా నవ్వింది. తన ఊరు చూసిన మనిషి ఆ ఇంట్లో ఇప్పుడు ఒకరున్నారు మరి! వాగు నిండిందా, తమ్ముడు పొడుగయ్యాడా అని ఒకటే ప్రశ్నలు. అడుగుతూ అడుగుతూనే మూట విప్పి చీరలన్నీ దండెం మీద వేసేసింది.

పొద్దుగూకి ఓబులేసు ఇంటికొచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. పచ్చగోడకి చేరగిలబడి అత్తాకోడళ్ళు మాటల్లో మునిగి ఉన్నారు. పాపం, ఆ పూట బియ్యం కడిగి ఎసట్లో పోసింది అతనే. అన్నం మాడిందనుకో. అయినా ముగ్గురూ ఆ గదిలోనే కూర్చుని లొట్టలేసుకుంటూ తిన్నారు.

కథ పట్టె కంచి దారి,
మనం పడదాం ఇంటి దారి,
కునుకు పట్టె కంటి దారి.