కాటుక కొండకు సూటిగా

చిదంబరయ్య గారికి ఒకచోట నిలబడి మాట్లాడే అలవాటు లేదు. పాఠమైనా పరామర్శ అయినా నడుస్తూనే. ఆయన శిష్యులకు వేదాంతం వచ్చినా రాకపోయినా పిక్కబలం మాత్రం వస్తుందని ఊళ్ళో నవ్వుకునేవారు. ఆయన తరవాత ఆశ్రమం చూసుకోవలసినవాడు మొగిలయ్య. ఆ ఏడు తొలకరికి ముందు, వెనకే నడుస్తూ గుబులుగా అడిగాడు: "ఇన్నేళ్ళూ మిమ్మల్ని చూసి నడిచాను. రేపు మీరు లేకపోతే ఎవరిని చూసి నడవాలి?"

గురువు నడక ఆపకుండానే, "పొద్దున లచ్చుబాయి చేలో మొదటి సాలు నువ్వు తోలు" అన్నారు.

ఆ సీమ సంగతి కాస్త చెప్పాలి. కనుచూపు మేర బల్లపరుపు నల్లరేగడి. నడుమ, ఎవరో మరిచిపోయి వదిలేసినట్టు, నాలుగైదు నల్లటి కొండలు. కాటుక కొండలంటారు. ఎప్పుడో భూమి కడుపులోంచి కరిగిన రాయి పొంగి గడ్డకట్టిందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. పొయ్యి మీద పాలు పొంగినట్టే అనుకోండి, కాకపోతే తుడిచేవాళ్ళు లేరు. రైతులకు అదంతా అక్కర్లేదు. నడిమి కొండ కొన మీద చూపు నిలిపి నాగలితో మొదటి సాలు తోలుతారు. మిగతా సాళ్ళన్నీ దాని వెంటే పోతాయి కనక, అది వంకరైతే చేనంతా వంకరే. ఆశ్రమాన్ని ఆనుకుని ఉన్న లచ్చుబాయి పత్తిచేలో ఆ సాలు ఆశ్రమం వాళ్ళు తోలడం ఆనవాయితీ. అంతవరకూ గురువుగారే తోలారు.

మొగిలయ్య రైతుబిడ్డే, నాగలి మేడి పట్టడం తెలుసు. అయినా ఆ పొద్దున ఎడ్లను కదిలించడానికి జంకాడు. చేను అవతలి ఒడ్డున, సరిగ్గా కొండకు సూటిగా, గురువుగారి తెల్లపంచె కనబడ్డాక ధైర్యం వచ్చింది. ఆ పంచె మీంచి చూపు మరల్చకుండా ఎడ్లను అదిలించాడు. చివరికంటా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, సాలు ఒక పక్కకు వంగిపోయి ఉంది.

లచ్చుబాయి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఏం స్వామీ, ఎడ్లను తోలినవా, పామును తోలినవా? నా పత్తంతా ఇట్లనే మెలికలు తిరగాల్నా?"

మొగిలయ్య ముఖం మాడిపోయింది. ఒడ్డు వెంట అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయిన గురువు దగ్గరికి పరుగెత్తాడు. "నేను చూపు తిప్పలేదు గురువుగారూ. మిమ్మల్నే చూస్తూ వచ్చాను."

చిదంబరయ్య గారు ఆగలేదు.

"నేను నడిచే మనిషిని నాయనా. కొండ అక్కడే ఉంది. వెళ్ళి ఎడ్లను మళ్ళించు."